సంఘ చరిత్రలోని ఒక తేదీని ఆరాధనలో జ్ఞాపకం చేసుకోవడం ఎలా

శతాబ్ది అనగానే చాలా సంఘాల్లో మొదట ఫ్లెక్సీ ఆర్డరిస్తారు. మొదట చేయాల్సింది తేదీ సరిచూడటం. మిషనరీ ఊళ్లో దిగిన రోజు, తొలి బాప్తిస్మం, గుడి ప్రతిష్ఠ, ఈ మూడింటినీ కలిపేస్తుంటారు. కొన్ని మిషను సంఘాలు కలిసి సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం)గా ఏర్పడింది 1947 సెప్టెంబర్ 27న. అది ఐక్యత దినం, మీ గుడి పుట్టినరోజు కాదు. సీఎస్ఐ సంఘాల్లో ఎన్నో గుళ్లు అంతకన్నా పాతవి. బాప్తిస్మపు రిజిస్టరు, మినిట్స్ పుస్తకం, శిలాఫలకం, సమాధిరాళ్లు చూడండి. కనీసం రెండు చోట్ల ఒకే తేదీ కనిపిస్తేనే అచ్చుకివ్వండి.

పాత రిజిస్టరును లామినేషన్ చేయించకండి, చిరిగిన చోట సెల్లోటేపు అంటించకండి. జిగురు కాగితాన్ని పసుపెక్కించి సిరాను తినేస్తుంది. కిటికీ పక్కన పెట్టి, ఫ్లాష్ లేకుండా పేజీకో ఫొటో తీయండి. పక్కనుంచి వెలుతురు పడితే వెలిసిన అక్షరాలూ కొంత తేలతాయి.

ఇక కథ. ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు సంఘాలనే తీసుకోండి. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. 2028కి 150 ఏళ్లు. ఈ కథంతా అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారి చుట్టూ తిప్పడం అలవాటైపోయింది. కానీ ఆ రోజు బాప్తిస్మమిచ్చింది తెలుగు బోధకులు: ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్లలో నిలబడ్డారు. చేరినవాళ్లలో అత్యధికులు మాదిగలు. ఈ రెండూ చెప్పకపోతే కథ సగమే.

‘కరువు కూటికి చేరారు’ అనే మాటనూ దాటేయకండి. అప్పటి కరువులో జనానికి కూలి దొరకాలని క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆ సహాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఇది చెప్పండి, అంతటితో ఆగండి. అందరి హృదయాలకూ మనం పూచీ ఇవ్వలేం, అది దేవునికే తెలుసు.

ఆరాధనకు నెహెమ్యా 9 కన్నా మంచి నమూనా లేదు. అక్కడ చరిత్ర చెబుతూనే పితరుల పాపాన్ని ఒప్పుకుంటారు. అధ్యాయం మొత్తం చదివించి, గుళ్లో కులం చూసి కూర్చోబెట్టిన రోజులుంటే అదీ ఒప్పుకోలు ప్రార్థనలో చేర్చండి. చరిత్రకు పది నిమిషాలు చాలు, అదీ ప్రసంగానికి ముందే. ప్రసంగం యెహోషువ 4 (యొర్దాను దాటాక జ్ఞాపకార్థం పన్నెండు రాళ్లు నిలిపిన అధ్యాయం) మీద అరగంట. ఈ రెండూ కలిస్తే వాక్యం పక్కకు పోయి జీవిత చరిత్ర మిగులుతుంది.

ఫొటోకు దండ, ముందు కొవ్వొత్తి వద్దు. మోషే చేసిన ఇత్తడి సర్పానికి ధూపం వేయడం మొదలయ్యాక హిజ్కియా దాన్ని పగలగొట్టాడు (2 రాజులు 18:4). శాలువాలు, ముఖ్య అతిథి మాటలు ఆశీర్వాదం అయ్యాక, బయట పందిట్లో పెట్టుకోండి. లోపల పెడితే ముందుగా కోతపడేది ప్రసంగమే.

2028 జూలై 3 సోమవారం. ముందు రోజు ఆదివారమే జరపండి. ఏ రోజునూ పండుగగా ఆచరించి తీరాలని లేఖనం సంఘాన్ని కట్టడి చేయలేదు (కొలొస్సీ 2:16). వారంలోగా రిజిస్టరు ఫొటోలు మూడు ప్రతులు తీసి, ఒకటి పాస్టరుగారి దగ్గర, ఒకటి కార్యదర్శి దగ్గర, ఒకటి వేరే ఊళ్లో ఉండే సంఘస్తుల దగ్గర ఉంచండి.