వాలీ బ్లాంష్‌కి బయలుదేరే ముందు

ఫిబ్రవరి వస్తోందంటే చాలు, మ్యూనిక్‌లోనో జ్యూరిక్‌లోనో ఉద్యోగం చేసే మనవాళ్లు ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు: "షామొనీలో వాలీ బ్లాంష్ ఈజీయే అంటున్నారు, రెడ్ పిస్ట్ బాగానే దిగుతున్నాను, వెళ్లొచ్చా?" వాలీ బ్లాంష్ అంటే ఫ్రాన్స్‌లో షామొనీ ఊరి పైనుంచి స్కీల మీద దిగే దారి, రెడ్ పిస్ట్ అంటే గుర్తులు పెట్టిన స్కీ బాటల్లో కాస్త కష్టమైనది. స్కీయింగ్ వరకే అయితే ఈజీ అన్న మాట నిజమే, మామూలు దారిలో వాలు అంత కష్టం కాదు. భయపడాల్సింది వాలు గురించి కాదు, మీరు జారేది గ్లేసియర్ మీద, అంటే మెల్లగా కదిలే మంచునది మీద, అన్న సంగతి గురించి. సుమారు 20 కిలోమీటర్ల దారిలో పిస్ట్ గుర్తులు ఉండవు, ప్యాట్రోల్ ఉండదు, సాయంత్రం ఎవరైనా వెనక మిగిలిపోయారా అని చూసేవాళ్లూ ఉండరు.

గ్లేసియర్‌లో పడే లోతైన పగుళ్లే క్రెవాస్‌లు. కొత్త మంచు పడగానే వాటి నోరు మూసుకుపోయి పైకి అంతా చదునుగా కనిపిస్తుంది. కొన్నిచోట్ల మాత్రం పాత నులక మంచం కుంగినట్టు మంచు పొడవుగా ఒక గీతలా దిగి ఉంటుంది, అక్కడ నీడ కాస్త నీలంగా ఉంటుంది. అలాంటిది కనిపిస్తే దాని మీద ఆగొద్దు, దాని వెంబడే పోవద్దు, గైడ్ దాటిన చోటే అడ్డంగా దాటేయండి. ఫొటో కోసం స్కీలు విప్పడం అసలే వద్దు, ఎందుకంటే స్కీల మీద ఉన్నంతసేపూ మీ బరువు పొడవునా పరుచుకుంటుంది, విప్పగానే అంతా రెండు బూట్ల కిందికి వచ్చేస్తుంది. హార్నెస్ (నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీలు) బ్యాగులో ఉంటే లాభం లేదు, ఒంటి మీద ఉండాలి. లోపల పడ్డ మనిషిని తాడుతో లాగడానికి అదొక్కటే ఆధారం.

మొదటిసారైతే గైడ్ లేకుండా వెళ్లొద్దు. ఖర్చు ఎక్కువనిపిస్తే నలుగురు కలిసి పంచుకోండి. ముందు ఎవరో వెళ్లిన ట్రాక్ ఉంది కదా అని దాన్ని పట్టుకుని పోవడం ప్రమాదం, వాళ్లు మీకంటే చాలా కష్టమైన దారిలో దిగి ఉండొచ్చు.

మంచుచరియల బులెటిన్ ముందు రోజు సాయంత్రమే చూడండి. ప్రమాద స్థాయి 1 నుంచి 5 వరకు ఉంటుంది. 3 అంటే మధ్యలో ఉంది, పర్లేదు అనుకుంటారు, కానీ చాలా మరణాలు జరిగేది 3 ఉన్న రోజుల్లోనే. గాలితో మంచు బాగా కురిసి తెల్లారే ఆకాశం తేటపడిందంటే ఆగలేం, నాకు తెలుసు, అయినా ఒకట్రెండు రోజులు ఆగండి. ట్రాన్సీవర్ (మంచు కింద ఉన్నవాళ్లను సిగ్నల్‌తో కనిపెట్టే పరికరం), ప్రోబ్ (మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. మంచు కింద కూరుకుపోయిన మనిషికి ఉండేది పది, పదిహేను నిమిషాలే, హెలికాప్టర్ వచ్చేలోపు తవ్వాల్సింది పక్కనున్న మీరే. నేను మొదటిసారి ప్రాక్టీస్ చేసినప్పుడు మంచులో పాతిన ట్రాన్సీవర్‌ని కనుక్కోవడానికే పన్నెండు నిమిషాలు పట్టింది, ఇంకా తవ్వనే లేదు. జేబులో ఫోన్ ఉన్నా ట్రాన్సీవర్ సిగ్నల్ దెబ్బతింటుంది, వెతికేటప్పుడు కనీసం 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి.

షామొనీ నుంచి పైకి తీసుకెళ్లే కేబుల్ కారు ఇరవై నిమిషాల్లో మిమ్మల్ని 1,035 మీటర్ల నుంచి 3,777 మీటర్లకు చేరుస్తుంది. తల తిరిగినట్టుంటే కాసేపు కూర్చోండి. అక్కడ సొరంగం దాటగానే వచ్చే సన్నటి మంచుగట్టు మీద స్కీలు బ్యాగుకు కట్టుకుని, బూట్లకు క్రాంపాన్లు (జారకుండా పట్టే ఇనుప ముళ్లు) తొడుక్కుని, తాడుతో నడిచి దిగాలి. కొత్తవాళ్లకు ఎక్కువ టెన్షన్ ఇక్కడే. కాళ్లు వణికితే గైడ్‌కి చెప్పేయండి, అదే కేబుల్ కారులో వెనక్కి దిగిపోవచ్చు.

ఇన్సూరెన్స్‌లో ఆఫ్-పిస్ట్, అంటే ఇలా గుర్తుల్లేని చోట స్కీయింగ్, కవర్ అవుతుందో లేదో ఒకసారి చదవండి, చాలా ట్రావెల్ పాలసీల్లో ఉండదు. ఎమర్జెన్సీ నంబరు 112.

కింద మంచు చాలకపోతే గ్లేసియర్ పక్కన పైనున్న మోంటెన్‌వేర్ స్టేషన్ నుంచి రైల్లో షామొనీ ఊళ్లోకి రావాలి. గ్లేసియర్ కుంగిపోతూ ఉండటంతో ఒకప్పుడు గ్లేసియర్ నుంచి పైకి రావడానికి అక్కడ 500కి పైగా మెట్లు ఎక్కాల్సి వచ్చేది, 2024లో కొత్త గొండోలా (చిన్న క్యాబిన్ల కేబుల్ కారు) వచ్చింది. చివరి రైలు ఎన్నింటికో పొద్దున బయలుదేరే ముందే కనుక్కోండి.