పిల్లలతో చదివిద్దాం – 3వ పాఠం: ముందు జనగామ, తర్వాత వరంగల్

పోయిన పాఠంలో మాటను ముక్కలుగా పలికిస్తూ ఒక్కో ముక్కకు ఒక్కోసారి చప్పట్లు కొట్టించాం కదా. బతుకమ్మ చుట్టూ తిరిగిన పిల్లలకు అది ఆటే కాబట్టి ములుగుకు మూడు, జనగామకు నాలుగు అని ఈపాటికి టక్కున కొడుతుంటారు. ఇంకా తడబడుతుంటే మరో వారం అదే ఆడించండి, అక్షరాలు ఎక్కడికీ పోవు.

ఇప్పుడు ఆ చప్పట్లను రాతకు కలపాలి. అట్టముక్క మీద జనగామ అని పెద్దగా రాసి, చప్పట్లు కొట్టిన ప్రతిసారీ మీరు ఒక్కో అక్షరం కింద వేలు పెట్టండి: జ, న, గా, మ. లెక్క సరిపోయింది. పరకాల, కాజీపేట కూడా ఇంతే. తన నోట్లోంచి వచ్చిన ముక్కే అట్ట మీద ఉందని పిల్లలకు తెలిసొచ్చేది ఈ ఆటలోనే.

మరి మన వరంగల్? చెవికి వ-రం-గల్, మూడే. రాస్తే నాలుగు, చివరి ల్‌కు విడిగా చప్పట్లు పడవు. నర్సంపేటది ఇంకో తిరకాసు, నాలుగుకు నాలుగు సరిపోతాయి గానీ నోట్లో నర్-సం అని విడిపోయేది రాతలో న-ర్సం అవుతుంది. అమ్మ కూడా అంతే: పలికేది అమ్-మ, రాసేది అ-మ్మ. అందుకే మొట్టమొదటి మాటగా అమ్మను దిద్దించే అలవాటు నాకు అంత నచ్చదు. పొల్లు, వత్తు ఉన్న మాటలు ఐదో పాఠం దాకా ముట్టుకోవద్దు.

ఇంకో సంగతి. క, కా, కి, కీ అని గడగడా అప్పజెప్తే చదవడం వచ్చినట్టు కాదు. మా చిన్నదానికి గుణింతమంతా నోటికొచ్చు, కానీ కే మీద వేలు పెట్టి ఇదేంటే అంటే మళ్లీ క నుంచి ఎత్తుకునేది! బొమ్మల చార్టులో బంగాళాదుంప అని రాసి ఉంటే ఆలుగడ్డ అని చదివింది, అంటే చదివింది బొమ్మనన్నమాట. బొమ్మకు చెయ్యి అడ్డం పెట్టి అడగండి.

ఈ వారం పని: హన్మకొండ బస్టాండుకు పోయినప్పుడు బోర్డుల మీద జ ఎక్కడుందో, కా ఎక్కడుందో వెతికించండి, మొత్తం పేరు చదవమని టెన్షన్ పెట్టకండి. దొరికిన అక్షరాలు చీటీల మీద రాసి దాచిపెట్టండి, వాటిని అటూ ఇటూ మార్చి మన, జల, కాలు లాంటి మాటలు నాలుగో పాఠంలో కడదాం.