రోమన్ కాలపు రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో పూజారికి దైవబలం: నియమాలు ఎలా రాసుకోవాలి?

ఒక్కొక్కరు ఒక్కో పాత్ర పోషిస్తూ కథ నడిపే రోల్‌ప్లేయింగ్ ఆటలను, అందులోనూ రోమన్ గణతంత్ర కాలంలో జరిగేవాటిని, చాలా ఏళ్లుగా ఆడిస్తున్నాను. కొత్తగా వచ్చేవాళ్లు రాసి తెచ్చే నియమాల్లో ప్రతిసారీ ఒకటే పొరపాటు ఉంటుంది. పూజారికి రోజుకు ఇన్ని మంత్రాలని లెక్క కడతారు, తెల్లవారగానే ఆ లెక్క మళ్లీ నిండుతుంది. రోమన్లు దేవుళ్లతో అలా మెలగలేదు. వాళ్లది మొక్కుల వ్యవహారం. కోరిక తీరితే బాకీ పడతారు, బాకీ తీర్చకపోతే ఊరంతటికీ చేటు. ఆ బాకీ భయం ఆటలోకి రాకపోతే పూజారి పాత్రకు ప్రాణం ఉండదు.

కావలసినవి: రెండు పాచికలు, కాగితాలు, ఇరవై చింతగింజలు. గింజలను అష్టాచెమ్మాకు చేసినట్టు ఒకవైపు తెల్లబడేదాకా అరగదీయండి. నల్లవైపు అనుగ్రహం, తెల్లవైపు బాకీ. ప్లాస్టిక్ బిళ్లలు వాడకండి.

మొదట దేవుళ్లను ఎంచుకోండి. దేవతల రాజు జూపిటర్, యుద్ధ దేవుడు మార్స్, జూపిటర్ భార్య జూనో, పంటల దేవత సెరెస్ చాలు. ఒక్కొక్కరికి విడిగా ఖాతా ఉండాలి, మొదట రెండేసి నల్లగింజలు పెట్టండి. ఏ ఖాతాలోనూ ఐదు దాటనివ్వకండి.

తర్వాత బలి. జూపిటర్‌కు తెల్లని పశువు, పాతాళ దేవతలకు నల్లనిది. పూజారి టోగా (రోమన్లు ఒంటికి చుట్టుకునే వస్త్రం) కొంగు తల మీదికి కప్పుకుంటాడు, అపశకునపు శబ్దాలు చెవిన పడకుండా పక్కన ఒకరు పిల్లనగ్రోవి ఊదుతారు. రెండు పాచికలు వేయండి. ఏడు, అంతకు మించి పడితే ఒక గింజ వస్తుంది. తగ్గితే కొత్త పశువుతో మొదటినుంచి మొదలుపెట్టాలి. ప్రార్థనలో మాట తప్పినా అంతే. క్రీ.పూ. 176లో రోమ్, చుట్టుపక్కల లాటిన్ పట్టణాలు కలిసి చేసే లాటిన్ పండుగలో లనూవియం పట్టణ అధికారి రోమన్ ప్రజల పేరు చెప్పి ప్రార్థించడం మరిచిపోయినందుకు పండుగ మొత్తం మళ్లీ జరపాల్సి వచ్చింది.

శకునం చెడితే ఆటగాణ్ణి ఆపకండి, పర్యవసానం మాత్రం తప్పనివ్వకండి. క్రీ.పూ. 249లో సిసిలీలోని ద్రెపానా దగ్గర, శకునం చూడడానికి పెంచే పవిత్రమైన కోళ్లు గింజలు ముట్టకపోతే (అది చెడు శకునం) రోమన్ సేనాని క్లాడియస్ పుల్కర్ వాటిని సముద్రంలో పారేయించాడని రోమన్లు చెప్పుకునేవారు. ఆ యుద్ధంలో రోమన్ల ఓడలు 93 పోయాయి. ఇలాంటప్పుడు నేను ఆ రోజంతా ప్రతి పాచికకూ రెండు తగ్గిస్తాను.

ఇక అసలు కష్టమైనది మొక్కు. దీన్ని తొందరపడి చేయకండి. తుఫాను ఆగాలన్నా, కోట పడాలన్నా మొక్కు ఒక్కటే దారి. ఆటగాడు దాన్ని కాగితం మీద తన మాటల్లో రాయాలి: ఏ దేవుడికి, ఏం కోరుతున్నాడు, ఎప్పటిలోగా, తీరితే ఏం ఇస్తాడు. నోటితో చెప్పిన మొక్కును నేను ఒప్పుకోను. ఎందుకో చెబుతాను. క్రీ.పూ. 217లో త్రాసిమేన్ సరస్సు దగ్గర కార్తేజ్ సేనాని హానిబల్ చేతిలో ఓడిపోయాక రోమన్లు జూపిటర్‌కు మొక్కుకున్నారు. ఐదేళ్లపాటు రాజ్యం నిలిస్తే ఒక వసంతంలో పుట్టిన పందులు, గొర్రెలు, మేకలు, పశువులన్నీ బలి ఇస్తామన్నారు. బలికి ముందే పశువు చస్తే దోషం లేదని, ఎవరైనా దొంగిలిస్తే సొంతదారుడికి పాపం అంటదని కూడా ఆ మొక్కులోనే చేర్చారు. మీ ఆటగాళ్లు కూడా ఇంత జాగ్రత్తగా రాయాలి. పైగా ఆ మొక్కుకు ప్రజల సమ్మతి తీసుకున్నారు. కాబట్టి తోటివాళ్ల సొత్తు మొక్కితే అక్కడ కూర్చున్న అందరూ ఒప్పుకోవాలి.

ఆ దేవుడి ఖాతాలోని నల్లగింజల్లో ఎన్ని పణం పెడితే అన్ని మొక్కు కాగితం మీద ఉంచండి. రెండు పాచికల మొత్తానికి ఆ గింజలు కలపండి. పది వస్తే కోరిక తీరుతుంది, ప్రకృతినే మార్చాలంటే పన్నెండు రావాలి. చాలామంది గింజలను మొక్కిన క్షణంలోనే తెల్లవైపుకు తిప్పేస్తారు. అది తప్పు. కోరిక తీరేదాకా బాకీ లేదు. తీరకపోతే గింజలు నల్లగానే వెనక్కి వస్తాయి. తీరితేనే తిప్పాలి, తిప్పాక మొక్కు చెల్లించేదాకా ముట్టకూడదు. తెల్లగింజ ఉన్నంతకాలం ఆ దేవుడికిచ్చే ప్రతి బలికీ పాచికల మొత్తంలో రెండు తగ్గించండి.

ఆడించేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. కాగితంలోని మాటలను మెలిపెట్టి ఆటగాణ్ణి మోసం చేయకండి. రోమన్ దేవుడు ఒప్పందంలో ఒక పక్షం, గొంతు కోసే వడ్డీ వ్యాపారి కాడు. రాసింది రాసినట్టే ఇవ్వండి, చెల్లింపు కూడా రాసింది రాసినట్టే అడగండి. గడువు రాయకపోతే తొందరపెట్టకండి. 217 నాటి మొక్కును 195లో చెల్లించారు, అందులో లోపం కనబడితే 194లో మళ్లీ చేశారు. అంటే తెల్లగింజ ఒకటి నెలల తరబడి ఆట నడిచినా అలాగే ఉండవచ్చు. నాకు ఈ పద్ధతి ఇష్టం కావడానికి కారణం అదే. మంత్రాల లెక్కలో నిన్నటి సాయం ఈరోజుకు గుర్తుండదు, ఇక్కడ ఆటగాడు వచ్చి కూర్చోగానే ఆ తెల్లని గింజను చూస్తాడు.

శత్రువుల దేవుణ్ణి పిలవడానికీ ఇదే నియమం, అయితే అక్కడివాళ్లు ఇస్తున్నదానికంటే ఎక్కువ మొక్కాలి. క్రీ.పూ. 396లో రోమ్‌కు శత్రువైన వేయీ నగరపు జూనోను రోమ్‌కు రమ్మని రోమన్ సేనాని కామిల్లస్ గుడి మొక్కాడు. నగరం పడింది, రోమ్‌లోని అవెంటైన్ కొండ మీద గుడి వెలిసింది.

అపచారం జరిగితే పరిహారంగా ఒక పంది. ఇందులో పెద్దగా చెప్పేదేమీ లేదు.

చివరగా, జూపిటర్ ప్రధాన పూజారి పాత్రను ఎవరైనా అడిగితే నియమాలు ముందే చదివి వినిపించండి. ఆయన గుర్రమెక్కకూడదు, ఆయుధాలు పట్టిన సైన్యాన్ని చూడకూడదు, ఒంటి మీద ముడి ఉండకూడదు. మీ కథ ఊళ్లు తిరిగేదైతే ఆ పాత్రను ఇవ్వకండి. కథ రోమ్‌లోనే నడిస్తే మాత్రం ఆయనకు మూడు గింజలతో ఖాతా తెరవండి.