లెక్క తెలియకుండా మ్యాగజైన్ మార్చడం

పిస్టల్ మ్యాగజైన్‌లో (తూటాలు పెట్టే డబ్బా) అయిదు రౌండ్లు (తూటాలు) నింపామని తెలిస్తే మనసు లెక్కపెట్టుకుంటూనే ఉంటుంది. అయిదోది పేలకముందే ఎడమ చెయ్యి ఇంకో మ్యాగజైన్ ఉన్న పౌచ్ మీదికి పోతుంది. ఇంక అది ప్రాక్టీస్ ఎట్లా అవుతుంది?

మొన్న నల్గొండలో ఫైరింగ్‌కి నా వంతు పది రౌండ్లే. ఇన్‌స్ట్రక్టర్‌కు చెప్పి, పక్కనున్న అన్నకు మూడు మ్యాగజైన్లు ఇచ్చి, "ఏ దాంట్లో ఎన్ని పెట్టావో నాకు చెప్పకన్నా" అన్నాను. 2, 5, 3 పెట్టాడట. పౌచ్‌లో కూడా ఆయన్నే సర్దమన్నాను, లేకుంటే బరువు పట్టిచ్చేస్తుంది. పది రౌండ్లతోనే రెండు మార్పులు దొరికాయి.

రౌండ్లు అయిపోయి స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ కదిలే భాగం) వెనక్కి నిలవగానే వేలు ట్రిగ్గర్ మీంచి తీసేయాలి. గొట్టం టార్గెట్ వైపే ఉంచి, ఖాళీది కింద పడేసి, కొత్తది అరచేత్తో గట్టిగా తోసి, స్లైడ్ లాగి వదలాలి. కింద పడ్డదాన్ని చూడొద్దు, దుమ్ము తర్వాత దులుపుకోవచ్చు.

బొటనవేలు స్లైడ్ స్టాప్ (స్లైడ్‌ను వెనక ఆపి ఉంచే మీట) మీద ఆనితే మాత్రం చివరి రౌండ్ తర్వాత స్లైడ్ వెనక నిలవదు, ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంటుంది. ఈ ఎండకు చెమట చేతులతో నాకు అదే అయింది. ఖాళీ అయిందో, రౌండ్ పేలలేదో తెలియదు కదా, గొట్టం తిప్పకుండా 30 సెకన్లు ఆగి ఇన్‌స్ట్రక్టర్‌ను పిలవండి.