రికార్డరు ఇంట్లో పెట్టి బస్టాండుకు వెళ్లండి

శనివారం సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు దాకా విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో కూర్చుంటాను. ఏ ఊరూ వెళ్లను. చేతిలో ఒక రూళ్ల నోటుపుస్తకం, పెన్సిలు, అంతే. నేను సౌండ్ ఆర్ట్ చేస్తాను, అంటే మామూలు చప్పుళ్లను కూర్చి వినడానికి చిన్న చిన్న ముక్కలు తయారుచేస్తాను. వాటిలో సగం అక్కడ పుట్టినవే. ముక్కూమొహం తెలియని మనుషులను చూస్తూ చప్పుళ్లు ఎలా ఏరుకోవచ్చో, కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం రాస్తున్నాను.

మొదటి రెండుసార్లు రికార్డరు తీసుకెళ్లకండి. ఫోను కూడా సంచిలోనే ఉంచండి. ఈ నియమం ఒక తప్పు చేశాక పెట్టుకున్నాను. కొన్నేళ్ల కిందట ఒక బస్టాండులో భార్యాభర్తలు తగువు పడుతుంటే ఫోనులో రికార్డు చేశాను. దాన్ని ఒక ముక్కలో వాడి, పాతికమంది కూర్చున్న చోట వినిపించాను. అయిపోయాక ఒకామె నా దగ్గరకొచ్చి, "అది మా వదిన గొంతండీ" అంది. కోప్పడలేదు, ఆ ఒక్క మాటే అని వెళ్లిపోయింది. ఆ రాత్రే ఫైలు తీసేశాను. అప్పటి నుంచి మనుషుల మాటలు తెచ్చుకోవడం మానేశాను. వాళ్ల లయ మాత్రం తెచ్చుకుంటాను.

కూర్చునే చోటు ముఖ్యం. అనౌన్స్‌మెంటు స్పీకరు కింద వద్దు, ఫ్యాను కింద వద్దు. గోడకు వీపు ఆనేలా ఒక పక్కగా కూర్చోండి. మొదటి పదిహేను నిమిషాలు ఏమీ రాయకండి. దూరం నుంచి దగ్గరకు వినుకుంటూ రండి. ముందు రోడ్డు మీది హారన్లు, తర్వాత వెనక్కి తీస్తున్న బస్సు ఇంజను, "రావచ్చు, రావచ్చు" అంటూ బస్సు ఒంటిని చేత్తో చరిచే కండక్టరు. చివరికి పక్క కుర్చీలో జంతికల కవరు చప్పుడు. ఆ కవరు దాకా వచ్చారంటే చెవి కుదురుకున్నట్టే.

ఇప్పుడు ఒక్క మనిషిని ఎంచుకోండి. ముందు చేతులు చూడండి, నోరు తర్వాత. ఎదురుచూసే మనిషి చేతులు ఊరుకోవు. ఒకసారి నూజివీడు బస్సు కోసం ఒకాయన ఒళ్లో రేకు డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. బొటనవేలితో మూత నొక్కుతున్నాడు: టక్... టక్. బస్సు ఆలస్యమయ్యేకొద్దీ టక్ టక్ టక్ అయింది. బస్సు మలుపు తిరగ్గానే ఆగిపోయింది. నోటుపుస్తకంలో దాన్ని చుక్కలుగా రాశాను. పొట్టి చప్పుడుకు చుక్క, సాగే చప్పుడుకు గీత, కిందికి జారితే కిందికి గీత. స్వరాలు రావాల్సిన పనిలేదు. పక్కన సమయం, ఆ మనిషి ఏం చేస్తున్నాడో ఒక్క ముక్క రాయండి.

చప్పుళ్లు మారిపోతుంటాయి, తేదీ కూడా వేయండి. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక, బస్సు మెట్ల దగ్గర కొంగుముడి విప్పి చిల్లర లెక్కపెట్టే చప్పుడు తగ్గింది. దాని చోట ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవరు కరకర వచ్చింది. టికెట్ మిషను మాత్రం సున్నా టికెట్టును కూడా అదే జర్రుమనే చప్పుడుతో ఇస్తోంది. నా పాత పుస్తకం లేకపోతే ఈ తేడా నాకు తెలిసేది కాదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మనవాళ్లు ఫోను పెట్టేసే తీరు. ఎవరూ ఒక్కసారిగా పెట్టేయరు. "సరే... సరే మరి... ఆఁ... ఉంటా మరి... ఆఁ ఆఁ, సరే." ఒకామె దగ్గర ఏడు "సరే"లు లెక్కపెట్టాను. ఒక్కోటీ ముందు దానికన్నా కాస్త కింది శ్రుతిలో, కాస్త పొట్టిగా. ఆఖరిది దాదాపు ఊపిరి. మాటలో సంగీతం వెతికిన పెద్దల్లో చెక్ సంగీతకర్త లియోష్ యనాచెక్ ఒకరు. జనం మాట్లాడే మాటల ఎత్తుపల్లాలను ఏళ్ల తరబడి నోటుపుస్తకాల్లో స్వరాలుగా రాసుకున్నారు. 1903లో కన్నకూతురు ఓల్గా చనిపోతున్నప్పటి మాటలను కూడా అలాగే రాసుకున్నారు. ఆ సంగతి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎక్కడ ఆగాలో ఎవరికి వారే తేల్చుకోవాలి. నా మటుకు, ఎవరైనా ఏడుస్తుంటే లేచి వేరే చోటికి వెళ్లిపోతాను. పిల్లల గురించి రాయను. ఎవరి వెంటా నడవను.

తేరిపార చూడకండి, తల వంచుకుని వింటే చాలు. మీరు గమనిస్తున్నట్టే వాళ్లూ మిమ్మల్ని గమనిస్తుంటారు. పక్కనున్న పెద్దావిడ "ఏ ఊరమ్మా మనది?" అంటే పుస్తకం మూసేసి కబుర్లు చెప్పండి.

ఇంటికొచ్చాక ఆ గుర్తులు చూస్తూ చప్పుళ్లు మీరే చేయండి. డబ్బా మూతకు నేను పాత బిస్కెట్ డబ్బా వాడాను. ఏడు "సరే"లు దుప్పటి కప్పుకుని నేనే చెప్పి ఫోనులో రికార్డు చేశాను. తర్వాత ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో లో-పాస్ ఫిల్టర్ (పై శ్రుతులను తగ్గించి కింది వాటిని మాత్రం వదిలేది) 400 హెర్ట్జ్ దగ్గర పెట్టండి, రోల్-ఆఫ్, అంటే ఆ తగ్గింపు ఎంత నిటారుగా ఉండాలో, 24 డెసిబెల్స్. హల్లులను గుర్తుపట్టించే శబ్దం చాలావరకు అంతకు పైనే ఉంటుంది కాబట్టి మాట కరిగిపోయి రాగం మిగులుతుంది. గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది.

మూడోసారి వెళ్లినప్పుడు రికార్డరు తీసుకెళ్లండి, వెనక వినిపించే హోరు కోసం మాత్రమే. రికార్డరు సెట్టింగుల్లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు ఎంచుకోండి. పెద్ద హారన్ కూడా రికార్డరు మీటరులో మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా లెవెల్ పెట్టండి. మైకుకు స్పాంజి తొడగండి. మనుషుల వైపు కాకుండా ఇంజన్ల వైపు తిప్పి, నాలుగు నిమిషాలు కదలకుండా ఉండండి. సిబ్బంది అడిగితే దాచకుండా చెప్పండి, వద్దంటే ఆపేయండి.

ఒక ముక్కలో మూడు చప్పుళ్లు మించనివ్వకండి. నా నూజివీడు ముక్కలో హోరు, మూత, "సరే"లు, అంతే. బస్సు ఇంజను దగ్గరవగానే మూత ఆగుతుంది. ఆ తర్వాత పదకొండు సెకన్లు హోరు ఒక్కటే.

ముక్క పూర్తయ్యాక ఇయర్‌ఫోన్లు పట్టుకుని అదే కుర్చీకి వెళ్లి వినండి. ఒక చెవిలో ముక్క, ఇంకో చెవిలో బస్టాండు. రెండిటిలో ఏది ఎక్కువ తొందరపడుతోందో అక్కడ తెలుస్తుంది. నా ముక్కే తొందరపడింది. ఇంటికొచ్చి, మూత చప్పుళ్ల మధ్య ఖాళీలు రెట్టింపు చేశాను.