క్లచ్ తొక్కినా బండి స్టార్ట్ కావట్లేదా? ముందు పెడల్ పైన చూడండి

క్లచ్ మొత్తం తొక్కి కీ తిప్పితే చప్పుడే లేదు. హారన్ గట్టిగానే మోగుతోంది, డాష్ లైట్లు వెలుగుతున్నాయి. మా కారుకి ఇలా అయినప్పుడు ఫోన్లోనే ఒక మెకానిక్ స్టార్టర్ మోటార్ పోయి ఉంటుందని తేల్చేశాడు. మ్యాట్ మీద చూస్తే చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు, వేళ్ల మధ్య నలిపితే బెల్లం ముక్కల్లా పొడైపోతున్నాయి.

అవి పెడల్ రాడ్‌కి ఉండే చిన్న బటన్ తాలూకు ముక్కలు. క్లచ్ తొక్కగానే ఆ బటనే పెడల్ పైనుండే క్లచ్ స్విచ్ పిన్నుని నొక్కుతుంది, అప్పుడే స్టార్టర్ తిరుగుతుంది. అది విరిగిపోతే పిన్ను ఖాళీ రంధ్రంలోకి దూరిపోతుంది, మీరు ఎంత తొక్కినా తొక్కినట్టు బండికి తెలీదు. కాబట్టి హ్యాండ్‌బ్రేక్ లాగి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, టార్చి వేసుకుని పెడల్ పైన చూడండి. పిన్నుని వేలితో నొక్కి పట్టుకుని కీ తిప్పితే స్టార్ట్ అయిందా, బటన్ మారిస్తే చాలు. కొత్తది దొరికేదాకా ఆ రంధ్రంలో చిన్న బోల్టు, నట్టు బిగించినా పని నడుస్తుంది.

అప్పటికీ కాకపోతే ఫ్యూజు చూసి, స్విచ్ కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్‌ని బీప్‌లో పెట్టి పిన్ను నొక్కండి, వదలండి. కొన్ని స్విచ్‌లు నొక్కితే బీప్ ఇస్తాయి, కొన్ని వదిలితే ఇస్తాయి, ఏదైనా సరే తేడా రావాలి. రాకపోతే స్విచ్ పోయినట్టే. మూడు వైర్ల సెన్సర్ అయితే ఈ పరీక్ష కుదరదు, కారు కంప్యూటర్‌కి తగిలించే స్కానర్‌లో లైవ్ డేటా చూడాల్సిందే. రెండు వైర్లు కలిపేసి నడిపేద్దాం అనుకోకండి, గేరులో ఉండగా ఎవరైనా కీ తిప్పితే బండి ముందుకి దూకుతుంది.

కొన్ని కార్లలో రెండు స్విచ్‌లుంటాయి. పైదాని బటన్ విరిగితే బండి మామూలుగానే స్టార్ట్ అవుతుంది, కానీ క్లచ్ ఎప్పుడూ తొక్కే ఉందనుకుని, వేగాన్ని తనే ఒకేలా నిలబెట్టే క్రూజ్ కంట్రోల్ పట్టదు.

గేర్‌బాక్స్ వైపు ఎక్కువగా ఇబ్బంది పెట్టేది రివర్స్ లైట్ స్విచ్. బల్బు, ఫ్యూజు బాగుంటే ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, స్విచ్ నుంచి ఊడదీసిన కనెక్టర్‌లోని రెండు వైర్లని చిన్న వైరు ముక్కతో కలపండి. లైటు వెలిగితే తప్పు స్విచ్‌దే. విప్పేటప్పుడు గేర్ ఆయిల్ కారొచ్చు, కింద డబ్బా పెట్టుకోండి.

స్పీడోమీటర్ ముల్లు సున్నా దగ్గరే ఉండి స్కానర్‌లో పీ0500 అనే లోపం కోడ్ వస్తే స్పీడ్ సెన్సర్ అనుకుంటాం. అయితే చాలా కొత్త కార్లు వేగాన్ని చక్రాల దగ్గరి ఏబీఎస్ సెన్సర్ల నుంచే తీసుకుంటాయి, ఏబీఎస్ లైటు కూడా వెలుగుతోందేమో ముందు చూసుకోండి.

ఇంకోటి, క్లచ్ స్విచ్ కోడ్ పీ0704 వచ్చిందంటే స్విచ్ పోయిందని కాదు, ఆ సర్క్యూట్లో ఎక్కడో తేడా ఉందని. ఎలుక కొరికిన వైరుకీ అదే కోడ్ వస్తుంది. కొత్త స్విచ్ కొనేముందు ఆ వైరు వెంట వేలు పెట్టి చివరిదాకా తడిమి చూడండి.