తెలుగు–ఒడియా టూల్‌ని ఏళ్ల తరబడి చెడిపోకుండా నడపడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు చాలా తెలుగు ఇళ్లలో శుభలేఖకి రెండు లిపులు కావాలి. చుట్టాలకి తెలుగు, ఇరుగుపొరుగుకి ఒడియా. దుకాణం బోర్డుదీ అదే సంగతి. అందుకే తెలుగు పేర్లను ఒడియా లిపిలోకి మార్చే చిన్న ఓపెన్ సోర్స్ టూల్ ఒకటి మేం పైథాన్‌లో నడుపుతున్నాం. రాయడం కంటే దాన్ని నిలబెట్టుకోవడమే పెద్ద పని. ఇలాంటి టూల్ మీ చేతిలోనూ ఉంటే ముందు టెస్టులు, తర్వాత బిల్డ్ (కోడ్‌ని ఇన్‌స్టాల్ చేసుకునే ప్యాకేజీగా కట్టడం), ఆ తర్వాతే డిపెండెన్సీలు (మన టూల్ ఆధారపడే వేరేవాళ్ల లైబ్రరీలు) చూడండి. ఈ వరస మార్చొద్దు. టెస్టులు లేకుండా లైబ్రరీ వెర్షన్ పెంచితే ఏం పాడైందో తెలిసే దారే ఉండదు.

1. మన ఊళ్ల పేర్లతో టెస్టులు రాయండి

ప్రతి అక్షరానికీ ఒక కోడ్ నంబరు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు, ఒడియా అక్షరాలు ఒకే వరసలో ఉంటాయి, నంబర్ల మధ్య తేడా 256. తెలుగు 'క' కోడ్‌లోంచి 256 తీసేస్తే ఒడియా 'క' వస్తుంది. దాంతో పని అయిపోయిందనిపిస్తుంది. ఇప్పుడు 'రాయగడ' ఇచ్చి చూడండి. 'య'లోంచి 256 తీసేస్తే వచ్చే అక్షరాన్ని ఒడియాలో 'జ' అని చదువుతారు. 'య' శబ్దానికి వాళ్లకి వేరే అక్షరం ఉంది. 'డ' దగ్గర వాళ్లు కింద చుక్క ఉన్న 'డ' రాస్తారు. చివర దీర్ఘం కూడా ఉంటుంది. ఒక్క ఊరి పేరులోనే మూడు తేడాలు! 'ఎర్రన్న' ఇస్తే ఇంకో చిక్కు. ఒడియాలో హ్రస్వ 'ఎ', 'ఒ' లేవు. యూనికోడ్ ఆ స్థానాలను ఖాళీగా వదిలేసింది కాబట్టి అక్షరం బదులు డబ్బా కనిపిస్తుంది.

ఇలాంటి పేర్లన్నీ ఒక పట్టికలో పెట్టి, పైటెస్ట్ (పైథాన్ టెస్టులు నడిపే టూల్) లోని పారామెట్రైజ్‌తో ఒకే టెస్టులో నడపండి. ఎవరైనా తప్పు చూపిస్తే ముందు ఆ పేరు పట్టికలో చేర్చండి. టెస్టు ఫెయిల్ కావడం చూశాకే కోడ్ దిద్దండి. సరైన ఒడియా రూపం ఏదో ఒడియా మీడియంలో చదువుకున్నవాళ్లని అడిగి రాయండి. టూల్ ఇచ్చిన జవాబునే తెచ్చి పట్టికలో పెడితే టెస్టు ఎప్పుడూ పాసవుతుంది, తప్పు మాత్రం అలాగే ఉండిపోతుంది. సరిహద్దులో ఉన్నవాళ్లం కాబట్టి రెండు లిపులూ తెలిసినవాళ్లు మనకి పక్కింట్లోనే దొరుకుతారు. పెద్ద కంపెనీల దగ్గర కూడా లేని బలం ఇది, వాడుకోండి.

కంటికి కనిపించని తేడాలకీ టెస్టు కావాలి. 'రైలు' అనే మాటలో ఐత్వాన్ని ఒకే కోడ్‌గా రాయొచ్చు, రెండు కోడ్‌లు కలిపీ రాయొచ్చు. తెర మీద రెండూ ఒకటే, కానీ పైథాన్ మొదటిదాని పొడవు 4 అంటుంది, రెండోదాని పొడవు 5 అంటుంది. పోల్చి చూస్తే రెండూ వేరు మాటలంటుంది. లోపలికి వచ్చే ప్రతి మాటనీ ముందు ఎన్ఎఫ్‌సీ రూపానికి (ఇలాంటి జంట కోడ్‌లను ఒకే కోడ్‌గా కలిపే యూనికోడ్ పద్ధతి) మార్చండి. రెండు రకాల 'రైలు'కీ ఒకే ఫలితం రావాలని టెస్టు రాయండి.

2. మీ దగ్గర లేని కంప్యూటర్ల మీదా నడపండి

ప్రింటింగ్ ప్రెస్సుల్లో ఎక్కువగా ఉండేది విండోస్. కోడ్ రాసేవాళ్లది చాలాసార్లు లినక్స్. పైథాన్‌లో ఫైల్ తెరిచేటప్పుడు యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను ఫైల్లో దాచే పద్ధతి) అని చెప్పకపోతే లినక్స్‌లో ఇబ్బంది లేకుండా నడిచిన కోడ్ విండోస్‌లో తెలుగు చూడగానే ఆగిపోవచ్చు. పబ్లిక్ రెపోలకి (అందరూ చూడగలిగే కోడ్ ఫోల్డర్లకి) గిట్‌హబ్ యాక్షన్స్ ఇచ్చే మామూలు రన్నర్లు, అంటే టెస్టులు నడిపే కంప్యూటర్లు, ఉచితం. ప్రతి పుల్ రిక్వెస్ట్‌కీ (కోడ్‌లో కలపమని పంపే ప్రతి మార్పుకీ) విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటి మీదా టెస్టులు నడిచేలా పెట్టండి.

పైథాన్ వెర్షన్ల సంగతీ అంతే. ఏటా అక్టోబర్‌లో కొత్త వెర్షన్ వస్తుంది, ఒక్కోదానికి ఐదేళ్ల సపోర్ట్ ఉంటుంది. వెర్షన్‌తో పాటు లోపలి యూనికోడ్ సమాచారం కూడా మారుతుంది. పొల్లు 'న్' రాసే నకార పొల్లు అక్షరం 2021లో యూనికోడ్ 14లో చేరింది. పైథాన్ 3.10 లోపల ఉన్నది యూనికోడ్ 13 కాబట్టి ఆ అక్షరం పేరు అడిగితే ఎర్రర్ ఇస్తుంది, 3.11 నుంచి గుర్తుపడుతుంది. సపోర్ట్ చేస్తామని రాసుకున్న అతి పాత వెర్షన్, అతి కొత్త వెర్షన్ రెండూ టెస్టులు నడిపే వెర్షన్ల లిస్టులో తప్పకుండా ఉండాలి.

3. బిల్డ్ చేసిన ప్యాకేజీనే టెస్ట్ చేయండి

రెపో ఫోల్డర్లో టెస్టులన్నీ పాసవుతాయి, వాడేవాళ్లు ఇన్‌స్టాల్ చేసుకుంటే మాత్రం టూల్ లేవదు. అక్షరాల పట్టిక ఉన్న డేటా ఫైల్ ప్యాకేజీలోకి ఎక్కకపోతే ఇలా అవుతుంది. రెపోలో ఆ ఫైల్ పక్కనే ఉంటుంది కాబట్టి లోపం బయటపడదు. దీనికి మందు సులువే. రెపోలోని కోడ్ పొరపాటున టెస్టుల్లోకి రాకుండా దాన్ని ఎస్ఆర్‌సీ (src) ఫోల్డర్లో పెట్టండి. వీల్ ఫైల్ (ఇన్‌స్టాల్‌కి సిద్ధంగా ఉన్న పైథాన్ ప్యాకేజీ) బిల్డ్ చేసి, కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (విడిగా ఉండే ఖాళీ పైథాన్ ఏర్పాటులో) దాన్ని ఇన్‌స్టాల్ చేసి, అక్కడ టెస్టులు నడపండి. బిల్డ్ వివరాలన్నీ పైప్రాజెక్ట్ (pyproject.toml) ఫైల్లోనే ఉంచండి. కొత్తగా వచ్చిన కుర్రాడు ఒక్క కమాండ్‌తో బిల్డ్, టెస్ట్ రెండూ చేయగలగాలి.

సిగ్నల్ సరిగా అందని కొండ ఊళ్ల నుంచీ సాయం చేసేవాళ్లుంటారు. వాళ్ల కోసం నెట్ బాగున్న చోట పిప్ (పైథాన్ ప్యాకేజీలు తెచ్చే టూల్) డౌన్‌లోడ్ కమాండ్‌తో కావాల్సిన ప్యాకేజీలన్నీ ఒక ఫోల్డర్లోకి దించి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. వాళ్లు నెట్‌లో వెతకొద్దని చెప్పే నో-ఇండెక్స్ ఆప్షన్ పెట్టి ఆ ఫోల్డర్ నుంచే ఇన్‌స్టాల్ చేసుకుంటారు. లినక్స్‌లో దించిన కొన్ని వీల్స్ విండోస్‌లో పనిచేయవు కాబట్టి వాళ్లది ఏ కంప్యూటరో ముందే కనుక్కోండి.

4. డిపెండెన్సీలు: తక్కువ, ఒక్కొక్కటిగా

ప్రతి లైబ్రరీనీ 'ఇది లేకుండా కుదరదా?' అని అడిగాకే చేర్చండి. మాకు తప్పనిది మాటల్ని వెతికి విడగొట్టే రీజెక్స్ లైబ్రరీ. అదే పనికి పైథాన్‌తో వచ్చే 'రీ' మాడ్యూల్ గుణింతపు గుర్తులను అక్షరాలుగా లెక్కపెట్టదు, దాంతో పదాల్ని విడగొట్టమంటే తెలుగు మాట ప్రతి గుణింతం దగ్గరా తెగిపోతుంది. రీజెక్స్ ఆ మాటని తెగకుండా ఉంచుతుంది. ఒక డిపెండెన్సీని మోయడానికి ఇంత స్పష్టమైన కారణం ఉండాలి.

వాడేవాళ్ల ప్యాకేజీలో కనీస వెర్షన్ మాత్రమే చెప్పండి. టెస్టులు నడిపే చోట లాక్ ఫైల్‌తో (వెర్షన్ నంబర్లు రాసి ఉంచే ఫైల్) కచ్చితమైన వెర్షన్లు బిగించండి. కొత్త వెర్షన్లు వచ్చాయేమో చూసే గిట్‌హబ్ డిపెండబాట్‌ని నెలకోసారికి సెట్ చేస్తే అప్‌డేట్లు పుల్ రిక్వెస్టులుగా వస్తాయి. ఒక్కొక్కటే తీసుకోండి, ఛేంజ్‌లాగ్ (ఏం మారిందో చెప్పే జాబితా) చదవండి, టెస్టులు పాసైతేనే కలపండి. వెర్షన్ నంబర్లో మొదటి అంకె మారితే పాత పద్ధతులు కొన్ని పోయి ఉండొచ్చు, ఇంకాస్త నిదానంగా చూడండి. మీ లైబ్రరీల్లో తెలిసిన భద్రతా లోపాలున్నాయేమో చూసే పిప్-ఆడిట్ టూల్ నడపండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి బయటపడింది. హాని చేసే కోడ్‌ని టెస్టు ఫైళ్లలో దాచారు. దాన్ని బయటికి లాగే బిల్డ్ స్క్రిప్టు విడుదల చేసిన టార్ ఫైల్లోనే (అందరూ దించుకునే కోడ్ మూటలోనే) ఉంది, గిట్ రెపోలో లేదు. ఎస్ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యం కావడం గమనించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు దాన్ని పట్టుకున్నారు. కాబట్టి మీ టెస్టు డేటా మనుషులు చదవగలిగే టెక్స్ట్‌గానే ఉండాలి. రిలీజ్ ఫైళ్లు ఎవరి ల్యాప్‌టాప్ నుంచో కాకుండా, ట్యాగ్ వేసిన కమిట్ (వెర్షన్ పేరు తగిలించి రెపోలో భద్రపరిచిన కోడ్) నుంచి గిట్‌హబ్ యాక్షన్స్‌లోనే తయారు కావాలి.

5. ఎవరూ కోడ్ ముట్టుకోని వారాల్లో కూడా

మనం ఏమీ మార్చకపోయినా కింద లైబ్రరీలు, పైథాన్ మారుతూనే ఉంటాయి. లాక్ ఫైల్ లేకుండా, అన్నీ తాజా వెర్షన్లతో వారానికోసారి టెస్టులు నడిచేలా షెడ్యూల్ పెట్టండి. అయితే పబ్లిక్ రెపోలో 60 రోజులు ఏ కదలికా లేకపోతే గిట్‌హబ్ ఆ షెడ్యూల్‌ని ఆపేస్తుంది. యాక్షన్స్ పేజీలోకి వెళ్లి మళ్లీ ఎనేబుల్ చేయాలి. ఆ హక్కు కనీసం ఇద్దరికి ఇచ్చి ఉంచండి, ఒకరికి పరీక్షలో పెళ్లో ఉంటే రెండోవాళ్లు చూసుకుంటారు.